గారపళ్లు

ఆగస్టు పదిహేనున
పరుగుపందెంలో మొదటొచ్చి
స్టీలు గిన్నె గెలుచుకుని
మాల్యాద్రి నోరంతా తెరిచి నవ్వాడు.
ఫోటో నేనే తీశాను.
గ్రూపులో నేనే పెట్టాను.

హోంవర్కు కోసం పెట్టుకున్న గ్రూపు అది.
అమ్మల ఫోన్లు, పిలకాయల వేళ్లు.
తెల్లారేసరికి
బిడ్డ ముఖం పోయి పళ్లొక్కటే మిగిలాయి,
కింద రెండు మాటలు: "పసుపు కొమ్ములు".
దాని వెనకాల వరసబెట్టి
కళ్లనీళ్లు కారేలా నవ్వే గుండ్రటి బొమ్మలు.
ముఖాలు పచ్చన, పళ్లు తెల్లన.
ఎక్కడివో అవి,
కనిగిరి బోరునీళ్లు తాగి పెరగలేదు.

మా తరగతిలో సగం ఇళ్లకి
ఆటోలో మినరల్ క్యాను వస్తుంది.
తక్కిన సగం
వీధి బోరు కింద బిందె పెడతారు.
ఐదో తరగతికొచ్చేసరికి
ఎవరిది ఏ సగమో
నోరు తెరిస్తే తెలిసిపోతుంది.

సోమవారం హాజరుకి
మాల్యాద్రి వేలెత్తాడు, పలకలేదు.
ఎక్కాలకి పెదాలు కదల్లేదు.
మధ్యాహ్నం కోడిగుడ్డు
అరచెయ్యి అడ్డంపెట్టుకుని తిన్నాడు,
ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

నా దగ్గర పాఠం ఉంది.
దయ అనగానేమి? రెండు వాక్యాలలో రాయుము.
రాశారు.
"దయ అనగా ఇతరుల యెడ జాలి కలిగియుండుట."
గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు,
రెండుకి రెండు వేశాను.
ఆ సాయంత్రమే ఆ పళ్లకి
ఎవరో నల్లకళ్లజోడు తగిలించారు.

ఇక్కడొక మాట దాచకూడదు.
ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు,
అంట్లు కడిగి అప్పుడే కూర్చున్నా,
ఎవరి పళ్లో తట్టేలోపు
నేనూ నవ్వాను.
చెయ్యి దానంతటదే నోటి మీదికొచ్చింది.
పద్నాలుగో ఏటినుంచీ అదంతే.
నా పెళ్లి ఆల్బంలో నూట ఇరవై ఫోటోలు,
ఒక్కదాన్లోనూ పన్ను కనపడదు.
"కాస్త నవ్వమ్మా" అని బతిమాలి బతిమాలి
ఫోటోగ్రాఫరు విసుక్కున్నాడు.
పెళ్లికూతురికి పొగరనుకున్నాడు.

బుధవారం మూడో పీరియడు.
సుద్దముక్క పక్కన పెట్టాను.
కొంగు నడుముకి దోపుకున్నాను.
చేతులు రెండూ బల్లమీద ఆనించి
పిలకాయల ముందర
చిగుళ్లదాకా పళ్లు బయటపెట్టాను.
గారచారలు, గుంటలు, అంచు విరిగిన కోర,
ముప్పై ఏడేళ్లుగా తాగిన ఊరి నీళ్లు.

ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను టకటకలాడింది.
నాకు మాత్రం మోకాళ్లలో వణుకు.
ఇదేం పాఠం, ఏ పుస్తకంలో ఉంది,
ఇప్పుడు ఎంఈఓ గారొస్తే ఏం చెప్పను?

అప్పుడు మూడో వరసలో లోకేశ్వరి
(ఫోటోకి కత్తెరేసిన వేలు తనదేనని నాకు తెలుసు,
నాకు తెలుసని తనకీ తెలుసు)
మెల్లిగా అడిగింది,
"నొప్పెడతాయా టీచర్?"
"నొప్పేం ఉండదు.
చల్లటివి తగిల్తే జివ్వుమంటయ్యి.
ఐసు కొరకలేను."
ఆ పిల్ల కాసేపు నాలుకతో
తన నున్నటి పళ్లు తడుముకుంది.
వెనక్కి తిరిగింది.
"నీక్కూడా జివ్వుమంటయ్యా?"
మాల్యాద్రి తలూపాడు.
అంతే. గంట కొట్టారు.

ఏం మారిందంటే చెప్పలేను.
ఆ బొమ్మ పామూరులో
ఎవరి మేనమామ ఫోన్లోకో చేరిందట,
దాన్ని వెనక్కి పిలిచే గొంతు నాకు లేదు.
హాజరుకి వాడింకా వేలే ఎత్తుతున్నాడు.

శనివారం బడి వదిలాక
గేటు బయట పాలైసు బండి.
లోకేశ్వరి రెండు కొన్నది.
ఒకటి తను చీకుతోంది.
రెండోది ఎడంచేత్తో పట్టుకుని
ఎండలోకి చాపింది.
పాలు కారి మోచేతిదాకా వచ్చినయ్యి,
గౌను పాడవుతుందని కూడా చూళ్లేదు.
మాల్యాద్రి చెయ్యి చాపాడు.
చటుక్కున వెనక్కి లాక్కుంది.
"ఉండ్రా,
ఇంకాస్త కరగనీ."